పుట్టి ఎక్కే ముందు



మా చదువు కేంద్రం నాగార్జునసాగర్ వెనక నీళ్ల ఒడ్డున ఉంది. ఈ డ్యాముకు 1955 డిసెంబరు 10న పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లు నిండాక చేపలు పెరిగాయి. చేపలు పెరిగాక, వాటిని పట్టి బతకడానికి విశాఖపట్నం వైపు నుంచీ గోదావరి వైపు నుంచీ కుటుంబాలు వచ్చాయి. ఒడ్డునే పాకలు వేసుకున్నాయి. ఆ ఇళ్లల్లో మొగుడు వల వేస్తే, పెళ్లాం తెడ్డు వేస్తుంది. ఇద్దరూ కష్టపడితేనే పూట గడిచేది.

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క మాత్రం చేపలోళ్ల ఇంట పుట్టలేదు. మెట్ట ఊరి పిల్ల. బావిలో చేద వెయ్యడం తప్ప నీళ్లతో ఆమెకు పని పడలేదు. ఈత రాదు. ఇన్నాళ్లూ ఆమె పెనిమిటీ, ఆయన తమ్ముడూ కలిసి పుట్టి మీద పోయేవాళ్లు. తమ్ముడు కూలికని హైదరాబాదు వెళ్లిపోయాడు. ఇక తెడ్డు పట్టే మనిషి లేడు. "రేపట్నుంచి నువ్వే రావాలి" అన్నాడట పెనిమిటి.

ఆ రాత్రి ఆమె పలక ముందు కూర్చుంది గానీ రాయలేదు. "టీచరమ్మా, మన పుస్తకంలో పుట్టి గురించి ఏమన్నా ఉందా?" అని అడిగింది. లేదు. గ్యాసు పొయ్యి గురించి ఉంది, బ్యాంకు గురించి ఉంది. పుట్టి గురించి లేదు.

అందుకని ఇది రాస్తున్నాను. నాకు పిల్లలకు పాఠం చెప్పడం తెలుసు గానీ పుట్టి నడపడం తెలియదు. ఇక్కడ నలభై ఏళ్లుగా తెడ్డు వేస్తున్న ఒక మామ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆమె పేరు రాయొద్దంది. ఆమె చెప్పినవి, నేను చదివి తెలుసుకున్నవి, రెండూ కలిపి చెప్తాను.

పుట్టి అంటే ఏమిటి?

పుట్టి గుండ్రంగా పెద్ద బుట్టలా ఉంటుంది. ఆరేడు అడుగుల వెడల్పు. వెదురు బద్దలతో అల్లుతారు. పూర్వం దాని మీద తోలు కప్పేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. ఫైబరు పుట్టీలు కూడా వచ్చాయి. మంచు దేశాల్లో ఇన్యూట్ అనే జనం ఉన్నారు. వాళ్లు పూర్వం సీలు అనే జంతువు తోలు కప్పి సన్నటి పడవ చేసుకునేవాళ్లు. దాన్ని కయాక్ అంటారు. వాళ్లదీ ఒక మనిషి, ఒక తెడ్డు, నీళ్ల మీద వేటే. ఎక్కడి వాళ్లైనా దొరికిన వస్తువుతోనే పడవ చేసుకున్నారు.

పుట్టి అడుగు చదునుగా ఉంటుంది. అందుకే తక్కువ నీళ్లలో కూడా తేలుతుంది. కానీ దానికి ముందూ వెనకా లేవు. ఒక పక్కకే తెడ్డు వేస్తే గిర్రున తిరుగుతుంది. బరువు ఒక పక్కకు పోతే ఆ పక్క అంచు దిగుతుంది. అంచు మీంచి నీళ్లు వచ్చాయా, ఆ నీళ్లన్నీ ఆ పక్కకే పోతాయి. ఆ పక్క ఇంకా దిగుతుంది. పుట్టి ప్రమాదాలు చాలావరకు ఇలాగే జరుగుతాయి.

ముందు పుట్టిని చూసుకోవాలి

ఎక్కే ముందు పుట్టిని ఖాళీగా నీళ్లలో వదిలి తాడుతో గట్టుకు కట్టండి. ఈలోగా అన్నం తినండి, పిల్లల జడలు వెయ్యండి. అరగంట పోయాక చూడండి. అడుగున తడి ఉందా? ఉంటే ఎక్కడో చిల్లు ఉంది. బయటికి లాగి, బోర్లించి, ఆరబెట్టి, తారు పూసి, అది గట్టిపడ్డాకే నీళ్లలో వెయ్యాలి. "ఇంత చిల్లుకేం అవుతుంది, డొక్కుతో తోడెయ్యొచ్చులే" అంటారు మగవాళ్లు. మీరు తోడుతూ కూర్చుంటే తెడ్డు ఎవరు వేస్తారు?

ఫైబరు పుట్టి అయితే పగుళ్లు చూడాలి. ఇంకో సంగతి. వెదురు పుట్టి నీళ్లు నిండినా వెదురు కాబట్టి పూర్తిగా మునగదు, పట్టుకోవడానికి ఆసరా ఉంటుంది. ఫైబరు అలా కాదు. నీళ్లు నిండితే అడుక్కు పోవచ్చు. అందుకని మూత గట్టిగా బిగించిన ఖాళీ నూనె డబ్బాలు నాలుగు, అంచు కింద లోపలివైపు నాలుగు పక్కలా కట్టుకోవాలి. 5 లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి దాదాపు 5 కిలోల బరువును తేలుస్తుంది.

పుట్టిలో తప్పకుండా ఉండాల్సినవి: ఇంకో తెడ్డు, నీళ్లు తోడే డొక్కు, పొడుగు తాడు, చిన్న కత్తి, ఒక ఈల, తాగే నీళ్లు. కత్తి ఎందుకంటారా? కాలికి వల చుట్టుకుంటే కొయ్యడానికి. వల ఖరీదైనదే. కొయ్యాలంటే చెయ్యి ఆడదు. అయినా కొయ్యాలి.

తాగే నీళ్ల గురించి ఒక మాట. నీళ్ల మీద ఆడవాళ్లకు ఒంటికి పోవడానికి చోటు ఉండదు. అందుకని పొద్దున్నించీ నీళ్లు తాగకుండా వెళ్తారు. ఎండలో కళ్లు తిరిగేది అందుకే. కళ్లు తిరిగిన మనిషి నీళ్లలో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మధ్యలో ఒకసారి గట్టుకు రావాలని ముందే పెనిమిటితో మాట్లాడుకోండి. సిగ్గుపడాల్సిన మాట కాదిది.

జాకెట్టు

ఇక్కడ జాకెట్టు అంటే రవిక కాదు. నీళ్లలో తేల్చే జాకెట్టు, లైఫ్ జాకెట్. దీని గురించి మామ్మ చెప్తూ కాసేపు ఆగిపోయింది. ఆమె పెద్దకొడుకు ఈత బాగా వచ్చినవాడు. ఒకనాడు సాయంత్రం గాలికి పుట్టి తిరగబడింది. అతని జాకెట్టు పాకలో చిలక్కొయ్యకు వేలాడుతోంది. "ఇప్పటికీ అక్కడే ఉంది" అంది మామ్మ. ఇంకేం అనలేదు.

ఈత వచ్చినవాళ్లకు జాకెట్టు ఎందుకు అంటారు. చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది. అప్పుడు నోట్లోకి నీళ్లు పోతాయి. తలకు అంచు తగిలితే ఈత గుర్తుండదు. చీర కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈత వచ్చినా కాళ్లు ఆడవు.

జాకెట్టు కొనేటప్పుడు మీ చదువు పనికొస్తుంది. లోపలివైపు చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది. దాని మీద ఎన్ని కిలోల మనిషికి అని అంకెలు ఉంటాయి. మాటలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మీకు వచ్చు. మీ బరువు ఆ అంకెల మధ్య ఉండాలి. తొడుక్కుని పట్టీలన్నీ బిగించాక ఇంకొకరిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్టు చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. నీళ్లలో అది పైకి పోతుంది, మీరు కిందికి పోతారు. తర్వాత మొల లోతు నీళ్లలో దిగి, పక్కన మనిషి ఉండగా, కాళ్లు ఎత్తి చూడండి. ముఖం నీళ్ల మీద ఉంటే అది మీ జాకెట్టే. మా అక్క ఇలా తేలినప్పుడు కెవ్వున అరిచి, తర్వాత నవ్వింది. ఆ రోజుతో ఆమె భయం సగం పోయిందని నా నమ్మకం.

పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్టు పనికిరాదు. చేతుల సందులోంచి జారిపోతారు. పిల్లల జాకెట్టు లేకపోతే పిల్లల్ని గట్టు మీదే వదలాలి. ఎవరి దగ్గర వదలాలి అంటే, అది నిజంగా కష్టమే. ఇక్కడ నలుగురు తల్లులు వంతులు వేసుకున్నారు.

జాకెట్టు కొనడానికి ఇప్పుడే డబ్బు లేకపోతే? మూత బిగించిన రెండు ఖాళీ డబ్బాలను తాడుతో కలిపి చేతికి అందేలా పెట్టుకోండి. పడితే రెండు చంకల కిందా పెట్టుకోవచ్చు. కానీ ఇది జాకెట్టుకు సాటి రాదు. చెయ్యి జారితే డబ్బా పోతుంది.

బట్టల మాట కూడా చెప్పాలి. చీర కుచ్చిళ్లు వదులుగా ఉండకూడదు. గోచీ పోసి కట్టుకోండి. పైన పొలం పనికి వేసుకున్నట్టు మగవాళ్ల చొక్కా వేసుకుని, కొంగు లోపల దోపండి. దాని పైన జాకెట్టు.

ఎక్కడం, కూర్చోవడం, తెడ్డు వెయ్యడం

నేను మొదటిసారి ఎక్కినప్పుడు అంచు మీద కాలు పెట్టాను. పుట్టి ఒరిగింది. కంగారుపడి లేచి నిలబడ్డాను. ఇంకా ఒరిగింది. "ఏటి పాపా, నిలబడిపోతావేటి! కూకో!" అని మామ్మ ఒక్క అరుపు అరిచింది. కూలబడ్డాను. పుట్టి సర్దుకుంది. టీచరునని ఎవరూ మొహమాటపడలేదు, గట్టు మీద అందరూ నవ్వారు.

కాలు అంచు మీద పెట్టకూడదు. నడిమధ్యన పెట్టాలి. రెండు చేతులతో రెండు పక్కల అంచులు పట్టుకుని, వెంటనే కూర్చోవాలి. ఎంత కిందికి కూర్చుంటే పుట్టి అంత కుదురుగా ఉంటుంది. నీళ్ల మీద ఉన్నంతసేపూ నిలబడకూడదు. నిలబడి విసురు వల వేసేవాళ్లను చూసి మీరు వెయ్యబోకండి. వాళ్లకు అది ఏళ్లతరబడి వచ్చిన విద్య.

తెడ్డును రెండు చేతులతో నిలువుగా పట్టుకుని మీ ముందు నీళ్లలో ముంచాలి. పోవాల్సిన వైపు ముఖం పెట్టి, ముందున్న నీళ్లను మీ వైపుకు లాగాలి. మామ్మ చేత్తో గాలిలో గీసి చూపించింది. చూస్తే అది 8 అంకె! అడ్డంగా పడుకోబెట్టిన 8. "మామ్మా, నీకు అంకెలు వచ్చే!" అన్నాను. "అంకెలు రావు, తెడ్డు వచ్చు" అంది. నీళ్లలో 8 దిద్దుతూ లాగితే పుట్టి గిర్రున తిరక్కుండా ముందుకు పోతుంది. మన అక్క పలక మీద 8 దిద్దడానికి రెండు రోజులు పట్టింది. నీళ్లలో దిద్దడానికి వారం పట్టింది.

ఆ వారమూ వల లేదు, చేప లేదు. మొల లోతు నీళ్లలో, పుట్టికి తాడు కట్టి, ఆ తాడు గట్టు మీద మనిషి పట్టుకుని ఉండగా నేర్చుకుంది. పెనిమిటి విసుక్కున్నాడు. వారం రోజుల రాబడి పోయిందని ఆయన బాధ. అది అబద్ధం కాదు. ఆ వారం వాళ్లింట్లో అప్పు తెచ్చి బియ్యం కొన్నారు.

చేప పడ్డప్పుడే జాగ్రత్త

పుట్టి ఒరిగేది ఎక్కువగా చేప పడినప్పుడే. ఎందుకంటే సంబరంలో ఇద్దరూ ఒకే పక్కకు వంగుతారు. ఒకరు వల లాగుతుంటే రెండోవాళ్లు ఎదుటి పక్కకు జరిగి కూర్చోవాలి. వల లాగే మనిషి కూడా కూర్చునే లాగాలి. తడిసిన వల బరువు పొడి వలతో పోలిస్తే చాలా ఎక్కువ. వలా చేపలూ ఒక పక్కనే కుప్ప పెట్టకుండా మధ్యలో పెట్టండి. అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు ఎడం ఉందా అని చూసుకుంటూ ఉండండి. తగ్గిందంటే ఇక చాలు, గట్టుకు రండి.

మొదట్లో గాలంతో పట్టుకోవడం మేలు. లేదంటే నీళ్లలో నిలబెట్టి వదిలే చిన్న వల. వలను కాళ్ల మీద పరుచుకోకండి. కాలి మట్టెలు, చేతి గాజులు వల కన్నుల్లో ఇరుక్కుంటాయి.

జిలేబి చేప, బొచ్చె అయితే పెద్ద బాధ లేదు. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లు ఉంటాయి. ఇంగిలాయి ముల్లు అయితే మరీ మంట. గుచ్చుకుంటే ముల్లు ముక్క లోపల ఉందేమో చూసి, సబ్బుతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట పైన పెట్టాలి. నొప్పి తగ్గుతుంది. వేడి ఎంతుందో రెండో చేత్తో ముందు చూసుకోండి. నొప్పిలో కాలినా తెలియదు. పసరు, సున్నం పెట్టకండి. గాలం వేలిలో దిగితే వెనక్కి పీకకండి. దాని కొసకు ఎదురు ముల్లు ఉంటుంది, మాంసాన్ని చీలుస్తుంది. దారం కోసి, గాలంతోనే ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకోండి.

గాలి, ఉరుము, గేట్లు

పొద్దున నీళ్లు అద్దంలా ఉంటాయి. అది చూసి నమ్మకూడదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి చెప్పకుండా వస్తుంది. వానాకాలంలో గాలి రోజంతా ఉంటుంది. సాగర్ నీళ్లు వెడల్పు. గాలికి అడ్డు లేదు కాబట్టి అలలు లేస్తాయి.

కొంగు చివర పైకి పట్టుకుని గాలి ఎటు పోతోందో చూడండి. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పొండి. వచ్చేటప్పుడు అలసిపోయి ఉంటారు, అప్పుడు గాలే గట్టుకు తోస్తుంది. అన్నిటికంటే మోసం చేసేది గట్టు మీంచి నీళ్ల వైపు వీచే గాలి. ఆ గాలిలో గట్టు దగ్గర నీళ్లు కదలకుండా ఉంటాయి. నాలుగు బారలు లోపలికి పోయేసరికి పుట్టిని పట్టుకుపోతుంది. వెనక్కి రావడం కొత్తవాళ్ల వల్ల కాదు. ఆ గాలి ఉన్న రోజు కొత్తవాళ్లు పోకూడదు. అంతే.

మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు. శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు పోతుంది. 30 లెక్కపెట్టేలోగా ఉరిమిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉంది. నీళ్ల మీద మీరే ఎత్తయిన వస్తువు. వల వదిలేసైనా గట్టుకు వచ్చెయ్యాలి. గట్టున చెట్టు కింద నిలబడకూడదు. ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి. ఫోను ఉంటే దామిని అనే యాప్ పిడుగుల సంగతి ముందే చెప్తుంది.

సాగర్ డ్యాముకు 26 గేట్లు ఉన్నాయి. గేట్లు ఎత్తితే దిగువన నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. దిగువన రాళ్ల మధ్య మడుగుల్లో చేపలు కనిపిస్తాయి, ఆశ పుడుతుంది. సైరను విన్నాక పరిగెత్తుదాంలే అనుకోవద్దు. ఎగువన కూడా గేట్ల దగ్గరికీ కరెంటు తయారుచేసే చోటికీ పోకూడదు. అక్కడ నీళ్లు లోపలికి లాగుతాయి. బోర్డు మీద ఏం రాసి ఉందో ఇప్పుడు మీరే చదవగలరు.

ఇంకొకటి. తాగిన మనిషితో పుట్టి ఎక్కవద్దు. మొగుడైనా సరే. గట్టు మీద తాగి తూలితే నేల మీద పడతాడు. నీళ్ల మీద తూలితే ఇద్దరూ పోతారు. ఈ మాట రాయమని మామ్మ రెండుసార్లు చెప్పింది.

పడితే ఏం చెయ్యాలి?

పుట్టిని వదలకండి. గట్టు దగ్గరగానే కనిపిస్తుంది. కానీ నీళ్ల మీద దూరం తెలియదు. పుట్టినో డబ్బానో పట్టుకుని ఈల ఊదండి. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్లలో ఉండేలా తల వెనక్కి వాల్చి, చేతులు మెల్లగా ఆడించండి. చేతులు పైకెత్తి కొట్టుకుంటే మునుగుతారు.

ఇంకెవరైనా మునుగుతుంటే దూకకండి. మునిగేవాళ్లు మెడ పట్టుకుంటారు, ఇద్దరూ పోతారు. తాడు, డబ్బా, తెడ్డు, చివరికి విప్పిన చీర, ఏదైనా విసరండి.

బయటికి తీశాక మన ఊళ్లలో ఏం చేస్తారు? కాళ్లు పట్టి తలకిందులు చేస్తారు. గిరగిరా తిప్పుతారు. పొట్ట నొక్కుతారు. ఇవి చెయ్యకూడదు. పొట్టలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. రొమ్ము మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కండి. మళ్లీ రెండు ఊదులు, మళ్లీ 30 నొక్కులు. 108 బండి వచ్చేదాకా ఆపకండి. ఫోను ఇంకొకరు చెయ్యాలి. దీన్ని ఆరోగ్య కేంద్రంలో చేసి చూపించమని అడగండి. చదివితే చాలదు, చేత్తో చేసి నేర్చుకోవాలి.

పలక

మా అక్క ఒక పని మొదలుపెట్టింది. తన పలకను పాక తలుపుకు వేలాడదీసింది. పోయే ముందు దాని మీద రాస్తుంది: "ఇద్దరం. గుడి వైపు. 6కి పోయాం. 9కి వస్తాం." తొమ్మిది దాటి అరగంటైనా రాకపోతే పక్కపాకవాళ్లు వెతకడానికి పుట్టి వేస్తారు. ఇప్పుడు ఎనిమిది పాకలకు పలకలు ఉన్నాయి. రాయడం రాని ఇళ్లవాళ్లు మా కేంద్రం పిల్ల చేత రాయించుకుంటున్నారు.

పేరు ఎక్కడ ఉంది?

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేపలు పట్టేవాళ్లకు ప్రమాద బీమా పెట్టారు. చనిపోయినా, పూర్తిగా పని చెయ్యలేకుండా పోయినా 5 లక్షల రూపాయలు. కొంత అంగవైకల్యం శాశ్వతంగా వస్తే రెండున్నర లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా. ఇప్పుడు ఎలా కట్టాలో, గడువు ఎప్పుడో మత్స్యశాఖ ఆఫీసులో అడగాలి. అక్కడికి పోయి జాబితా చదివిస్తే తేలిన సంగతి: చాలా ఇళ్లల్లో మొగుడి పేరు ఉంది, పెళ్లాం పేరు లేదు. బీమా ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ఒకే పుట్టిలో ఇద్దరు పోతున్నారు, కాగితంలో ఒక్కరే ఉన్నారు. ఆడవాళ్లు కూడా మత్స్య సహకార సంఘంలో చేరవచ్చు, ఆడవాళ్లవే సంఘాలు కూడా ఉన్నాయి. ఆధార్ కార్డులో పేరూ, బ్యాంకు పుస్తకంలో పేరూ ఒకేలా ఉన్నాయా అని అక్షరం అక్షరం చూసుకుని మరీ వెళ్లండి.

మా అక్క దరఖాస్తు పెట్టింది. ఆమె పేరులో ఒక ఒత్తు వదిలేశారని ఆమే పట్టుకుంది, దిద్దించింది. పుట్టి మీద పోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. ఇంకా గట్టు కనబడేంత దూరమే పోతోంది. మొన్న మూడు కిలోల బొచ్చె పడితే పెనిమిటి లేచి నిలబడబోయాడట. "కూకో!" అని అరిచిందట.